పావురాలోడి మీద మా అత్త పగ

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పాల్వంచ బస్టాండులో ములకలపల్లి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆమెను చూడ్డానికే బయలుదేరాను. చేతిలో బత్తాయిల సంచి ఉంది. ఫోన్ చేసింది బావ. "అమ్మ పోయిందే. నీళ్లడిగింది, తాగింది, గంతే" అన్నాడు. అత్త అంటే మా మేనత్త, బావ ఆమె కొడుకు. నేను ఏడవాలి, లేదంటే అతన్ని ఓదార్చాలి. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "మరి ఆ పావురాలోడు?" అన్న మాట. ఏడుపులోంచే బావ నవ్వాడు. "ఆడు బతికే ఉండుంటడు, సచ్చినోడు" అన్నాడు.

ఆ పావురాలోడు మాకు చుట్టమూ కాదు, మా ఊరివాడూ కాదు. బ్యాంకాక్‌లో ఒక పెద్ద గుడి ముందున్న మైదానంలో, వచ్చిపోయేవాళ్ల చేతుల్లో పావురాల మేత పెట్టి, పెట్టాక డబ్బు కోసం మీదపడే మనిషి. వాడి పేరు మాకు తెలియదు. మా పేర్లు వాడికి తెలియవు. అత్త వాణ్ణి చూసింది గ్లాసుడు చాయ్ చల్లారేంతసేపు. వాడి మీద పగ మాత్రం ఊపిరున్నంత కాలం పెంచింది, తులసి మొక్కకు పోసినట్టు పొద్దున్నే కాసిన్ని నీళ్లు పోసి మరీ.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మనసు ఎంత మెత్తనో, ఎంతమందిని క్షమించారో రాయడం ఆనవాయితీ. మా అత్తకు క్షమించే అలవాటు లేదు. ఉందని రాశానంటే ఎక్కడున్నా వచ్చి నా చేతిలో పెన్ను గుంజుకుంటుంది. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. ఆమె నాకు ఇచ్చిన వాటిల్లో గొప్పది ఆ గుణమే, దానికి నేను రుణపడి ఉన్నాను.

ములకలపల్లిలో వాళ్లది ఎరువుల దుకాణం. బోర్డు మీద పేరు మామది, లోపల కుర్చీ అత్తది. పత్తికి పురుగు తగిలినా, మిర్చికి ముడత వచ్చినా రైతులు ఆకు తెంపుకొచ్చి ముందు అత్తకే చూపించేవాళ్లు. ఆమె కొంగు చివర ఎప్పుడూ ఒక ముడి ఉండేది. అందులో గల్లాపెట్టె తాళంచెవి, ఒక వక్కపలుకు. మాట్లాడుతున్నంతసేపూ ఆ ముడిని బొటనవేలితో తడుముతూనే ఉండేది. కోపమొస్తే ముడి ఇంకాస్త బిగించేది. ఆ బిగింపు చూసి బేరగాళ్లు గొంతు తగ్గించుకునేవాళ్లు.

ఒకసారి గర్భంతో ఉన్నప్పుడు, వానలో, ఆటోవాడు ఆమెను సగం దారిలో దింపి వేరే బేరం ఎక్కించుకుని పోయాడట. ఏళ్ల తర్వాత అదే మనిషి దుకాణానికి మందు కోసం వచ్చాడు. బయట ముసురు. అత్త అతన్ని గుర్తుపట్టింది. సరైన మందే ఇచ్చింది, ఎంత నీళ్లలో ఎంత కలపాలో ఓపిగ్గా చెప్పింది. ఇచ్చాక, "ఇగ బయట నిలబడు. లోపల జాగ లేదు" అంది. లోపల కావలసినంత జాగా ఉంది. అతను చూరు కింద సగం తడుస్తూ నిలబడ్డాడు. వాన తగ్గేదాకా అత్త అతన్నే చూస్తూ వక్క నమిలింది. "ఆయిన చేసినంతనే చేసిన. పైన చిటికెడు" అని నాతో అంది. ఎంత చేస్తే అంత, పైన చిటికెడు. ఆమె న్యాయశాస్త్రమంతా అదే.

నాకు పెళ్లిచూపులు జరిగినప్పుడు, వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి నా పొట్టితనం మీద హాస్యమాడి అందరినీ నవ్వించాడు. నేను వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే అత్త వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "ఏడుపు మర్చిపో బిడ్డా. నవ్వినోని మొఖం మాత్రం యాదుంచుకో" అంది. యాదుంచుకున్నాను. నేను పాల్వంచలో లెక్కల టీచర్ని అయ్యాక అతని కొడుకు నా దగ్గరే చదివాడు. "పిల్లగానికి మంచిగ చెప్పు, ఆనిదేం తప్పు లేదు. పాసైనంక మాత్రం ఆళ్ల నాయిన్ని పిలువు. నువ్వు కుర్చీల కూసో, ఆయిన్ని నిలబెట్టి మాట్లాడు" అని అత్త కబురు పెట్టింది. అట్లాగే చేశాను. ఆ రోజు అన్నం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ చెప్పగలను.

ఇక బ్యాంకాక్ సంగతి. ఎరువులు, మందులు బాగా అమ్మిన దుకాణాలవాళ్లను కంపెనీలు టూరుకు తీసుకుపోవడం మా వైపు మామూలే. బ్యాంకాక్ అంటే చాలు, డీలర్లంతా హుషారుగా బ్యాగులు సర్దుకుంటారు. భార్యలకు "మీటింగు" అని చెబుతారు. ఆ ఏడు మామకు రెండు టికెట్లు వచ్చాయి. కానీ ఆయనకు అప్పుడే గుండె ఆపరేషన్ అయింది, విమానం వద్దన్నాడు డాక్టరు. బావ తన దోస్తును తీసుకుని పోదామనుకున్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"మీ నాయిన దవాఖానల పండుకుంటే షట్టరు ఎత్తిందెవరు, దించిందెవరు?" అని కొడుకును అడిగింది.

"నువ్వే."

"మరి టూరెవలది?"

బావ టికెట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తనకు తోడుగా, ఇంగ్లీషు వచ్చని నన్ను రమ్మంది. మా ఆయన కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఇంట్లో ఉన్నా లేనట్టే. ఇద్దరం పాస్‌పోర్టులు చేయించుకున్నాం. ఫోటో తీసేటప్పుడు నవ్వద్దంటే, "నేనెప్పుడు నవ్విన?" అంది అత్త.

విమానమంటే మాత్రం భయం. అందుకని కొంగుముడిలో తాళంచెవికి బదులు తలంబ్రాలు కట్టుకుంది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ఎర్రటి ఎండలో నిలబడి తెచ్చుకున్నవి. ఆ తలంబ్రాల్లో ఒక ముత్యం కూడా దొరికింది. మామను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయినప్పుడు ఆ ముత్యాన్ని గుప్పిట్లో పెట్టుకుని దవాఖానా వరండాలో కూర్చుంది. ఆయన కళ్లు తెరిచాకే గుప్పిట తెరిచింది. మామను తెచ్చిచ్చింది డాక్టరు కాదు, ఆ ముత్యమే అని ఆమె లెక్క. ఆ ముత్యం తోడుంటే విమానం కింద పడదని ధైర్యం.

అక్కడ దిగిన మర్నాడు గుడి చూద్దామని అందరం బయలుదేరాం. గేటుకు ఇవతలే ఒక మనిషి ఎదురొచ్చాడు. సూటు, మెడలో కార్డు, చిరునవ్వు. ఈ రోజు గుడి మూసేశారు, లోపల ప్రత్యేక పూజలు, మధ్యాహ్నం దాకా ఆటోలో తిప్పి మంచి నగల దుకాణం చూపిస్తాను అన్నాడు. మన డీలర్లు కొందరు సంబరంగా ఆటో ఎక్కారు. అత్త కదల్లేదు. "గుడి మూస్తే తాళం పెడ్తరు గని, సూటేసి మనిషిని నిలబెడ్తరా?" అంది. తిన్నగా గేటు దాకా నడిచింది. గుడి బార్లా తెరిచి ఉంది. ఆటోలో పోయినవాళ్లలో ఒకాయన కెంపుటుంగరం కొనుక్కొచ్చాడు. కొత్తగూడెంలో కంసాలి దాన్ని చూసి గాజుముక్క అన్నాడని తర్వాత తెలిసింది. ఆ మాట విన్నరోజు అత్త రెండు గ్లాసుల మజ్జిగ తాగింది.

ఇంత గట్టి మనిషి పడిపోయింది డబ్బాశకు కాదు. భక్తికి పడింది. నాకు మంట అక్కడే.

గుడి నుంచి బయటికి వచ్చి మైదానం వైపు నడిచాం. నేల కనపడకుండా పావురాలు. వాటి మధ్యలోంచి ఒకడు వచ్చాడు. పసుపు చొక్కా, గుండ్రటి టోపీ, ఎడమ చెంప మీద పెద్ద పుట్టుమచ్చ. వచ్చి, రెండు చేతులూ జోడించి, నడుం వంచి అత్తకు దండం పెట్టాడు. ఆ దేశంలో పలకరింపే అంత అని నాకు తెలుసు, అత్తకు తెలియదు. గుడి ముందు, దండం పెట్టిన మనిషి. సంచీలోంచి గుప్పెడు మక్కజొన్న గింజలు తీసి ఆమె చేతుల్లో పోశాడు. "ఫ్రీ, ఫ్రీ! లక్కీ, లక్కీ!" అన్నాడు.

గుడి ముందు ఎవరైనా చేతిలో గింజలు పోస్తే భద్రాచలం వైపు మనిషి ఏం చేస్తుంది? అత్త కూడా అదే చేసింది. దోసిలి పట్టింది. కళ్లకద్దుకుంది. నాలుగు గింజలు నా తల మీద చల్లి, "సల్లగుండు" అంది. నాలుగు తన తల మీద వేసుకుంది. మిగిలినవి ఇంటికి, మామకూ బావకూ. కొంగు ముడి విప్పి, భద్రాచలం తలంబ్రాల్లోనే ఆ మక్కగింజలు కూడా కలిపి మళ్లీ గట్టిగా ముడేసుకుంది.

వాడు తెల్లబోయాడు. జీవితంలో ఎవరూ వాడి మేతతో అట్లా చేసి ఉండరు. పావురాల వైపు చూపించాడు, చెయ్యి విసిరి చూపించాడు. అత్త సంతోషంగా తలూపింది. "అవ్ అవ్, మస్తున్నయి" అంది. అప్పుడు వాడి మొహంలో నవ్వు పోయింది. వేళ్లతో డబ్బు సైగ చేశాడు. హుండీ కానుక అనుకుని అత్త మన పది రూపాయల నోటు తీసి భక్తిగా అందించింది. వాడు దాన్ని చూసి కింద పారేశాడు. ఎక్కడినుంచి వచ్చారో ఇంకో ఇద్దరు వచ్చి మా ముందూ వెనకా నిలబడ్డారు. నేను ఇంగ్లీషులో అరిచాను, వాళ్లు అంతకన్నా గట్టిగా అరిచారు.

అప్పుడు వాడు అత్త కొంగు పట్టుకున్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. నడివయసు దాటిన మనిషి కొంగు, నలుగురిలో, పరాయి మగవాడు. ముడి వేళ్లతో లాగి విప్పి కొంగును దులిపేశాడు, వాడి గింజలు వాడికి కావాలని. మక్కగింజలతో పాటు తలంబ్రాలు రాలాయి, ముత్యం రాలింది. పావురాలన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. అత్త "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటూ ఆ పిట్టల మధ్య మోకాళ్ల మీద కూలబడి చేతులతో వెతికింది. రాముడి తలంబ్రాలు ఒక్కటి మిగల్లేదు, ముత్యమూ దొరకలేదు. టూరు మేనేజరు జెండా ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి, వాడి చేతిలో ఏవో నోట్లు పెట్టి, వాడికే క్షమాపణ చెప్పాడు. మమ్మల్ని బస్సు వైపు తోలుతూ, "వాళ్లతో పెట్టుకోవద్దు పెద్దమ్మా, ఇక్కడ ఇట్లనే ఉంటది" అన్నాడు. అత్త వెనక్కి తిరిగి చూసింది. వాడు నవ్వుతున్నాడు. నవ్వినవాడి మొహం ఆమె యాదుంచుకుంది.

ఆ సాయంత్రం హోటల్లో ఆ మామిడిపండు రంగు చీర విప్పి, మడతపెట్టి, పెట్టె అడుగున పెట్టింది. "ఈ చీర నేను పగ తీరినంకనే కడ్త" అంది. తిండి ముట్టలేదు. బ్యాగులోంచి ఇంట్లో పట్టించిన కారం పొట్లం తీసి చేతిలో బరువు చూసుకుంది. అక్కడి చప్పటి తిండిలోకని తెచ్చుకున్న మా చేను మిర్చి కారం అది.

"రేపు పోదం. ఆడు మళ్ల నా చేతుల గింజలు పోస్తడు. గింజలల్ల కారం కలిపి, దండం పెట్టి, ఆని సంచిల్నే మళ్ల పోస్త. దినమంత ఆ సంచిల చెయ్యి పెడ్తడు, ఆ చెయ్యితోనే చెమట తుడుసుకుంటడు" అంది.

"పావురాలు తింటాయి కదత్తా, పాపం!" అన్నాను.

అత్త నన్ను జాలిగా చూసింది. "పిట్టలకు కారం తెల్వది. మన చేన్ల రామచిలుకలు పండుమిర్చి కొరుక్కొని తింటయి, సూడలే? నా పగ ఆనితోని, నోరులేని జీవాలతోని కాదు" అంది. పగ పట్టేటప్పుడు కూడా ఎవరిని తప్పించాలో చూసుకునే మనిషి.

మర్నాడు అందరూ బట్టల కొట్లకు పోతుంటే మేమిద్దరం ఆ మైదానానికి పోయాం. వాడు లేడు. వాడి మనుషులూ లేరు. ఏదో ఊరేగింపు ఉందని పోలీసులు అందరినీ తోలేశారట, పావురాలు కూడా పల్చగా ఉన్నాయి. అత్త మెట్టు మీద కూర్చుని ఎదురు చూసింది. పసుపు చొక్కా వేసుకున్న ప్రతి మగవాణ్ణీ పరీక్షగా చూసింది. ఎండ నెత్తికెక్కింది. "పోదాం అత్తా" అంటే, "ఇంకాసేపు" అంది. చివరికి లేచి, కారం పొట్లం బ్యాగులో వేసుకుని, ఆ మైదానానికి వేలు చూపించి, "మళ్లొస్త" అంది. తిరుగు ప్రయాణంలో ఆమె విమానానికి భయపడలేదు. ముత్యం లేకుండానే కూర్చుంది. భయం ఉండాల్సిన జాగా అంతా కోపం నిండిపోయింది.

ఊళ్లో ఆమె కొంచెం మారింది. కొంగుముడిలో తాళంచెవి మళ్లీ చేరింది, కానీ ముడి మీద ముడి వేసుకునేది. ఎవరు ఏం అందించినా, "ఏం పెడ్తున్నవో ముందుగాల చెప్పు" అనేది. మామ మాత్ర చేతికిచ్చినా అదే అడిగేది. చర్ల నుంచో అశ్వారావుపేట నుంచో ఎవరైనా కాశీకో, నేపాలుకో, గల్ఫులో ఉద్యోగానికో పోతున్నారంటే పిలిపించుకుని పాఠం చెప్పేది. చేతులు కట్టుకుని నడవండి. ఊరికే ఇస్తున్నానన్నవాడి చెయ్యి చూడకండి, కళ్లు చూడండి. నవ్వుతూ దండం పెట్టినవాడికి దూరం నుంచే దండం పెట్టండి. చివర్లో అందరికీ ఒకే మాట, "మోసపోతే ఏడ్సుకుంట ఇంటికి రాకుండ్రి. బదులు తీర్సుకొని రాండ్రి."

ఆమె శిష్యుల్లో గొప్ప శిష్యురాలు అత్త వాళ్ల వీధి పాస్టరమ్మ. సంఘం వాళ్లతో యెరూషలేము పోయింది. అక్కడ ఒంటెవాడు, ఎక్కడానికి డబ్బు అక్కర్లేదని ఎక్కించాడట. ఎక్కాక, దిగాలంటే డబ్బు కట్టాలన్నాడట. పాస్టరమ్మకు అత్త గుర్తొచ్చింది. దిగనంది. ఒంటె మీద నింపాదిగా కూర్చుని కీర్తనలు అందుకుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి. సంఘం వాళ్లంతా కింద నిలబడి కోరస్ పాడారు. వాడికి వేరే బేరాలు పోతున్నాయి, ఒంటెకు విసుగొస్తోంది. ఆఖరికి వాడే ఒంటెను కూర్చోబెట్టి, చేతులు జోడించి, దిగమ్మా తల్లీ అన్నాడట. ఈ కథ పాస్టరమ్మ దుకాణంలో చెబుతుంటే అత్త కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అన్నాళ్లకు ఆమె అంత నవ్వడం చూశాను. నవ్వు ఆగాక కొంగుముడి తడుముకుంటూ, "నీ పగ తీరింది చెల్లే. నాదే తీరలే" అంది.

తీర్చుకోడానికి చెయ్యని ప్రయత్నం లేదు. మళ్లీ టూరు రావాలని రెండు సీజన్లు నడుం బిగించి వ్యాపారం చేసింది. చెట్టు కింద రచ్చబండ దగ్గరికి కూడా పోయి రైతులతో మాట్లాడింది. టూరు వచ్చింది. కంపెనీవాళ్లు ఫోన్ చేసి ఈసారి దుబాయి అన్నారు. దుబాయి బ్యాంకాక్ కన్నా గొప్పదమ్మా, ఎత్తైన మేడలు, బంగారం అంగడి అని ఊరించారు. అత్త విన్నంతా విని, "నా పగోడు దుబాయిల లేడు నాయినా" అని ఫోన్ పెట్టేసింది. బావ, అతని భార్య పోయి వచ్చారు. తర్వాత ఆమెకే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఖమ్మం దవాఖానాకూ ఇంటికీ తిరగడమే టూరైంది.

చివరిసారి నేను దవాఖానాలో చూసినప్పుడు నర్సు సూది పెట్టడానికి "చెయ్యి చాపమ్మా" అంది. అత్త గుప్పిట బిగించింది. "ఏం పెడ్తున్నవో ముందుగాల చెప్పు" అంది. నర్సు నవ్వింది, నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వలేదు. నావైపు తిరిగి, "ఆడు గిప్పుడు ముసలోడైతుండొచ్చు. చెంప మీద మచ్చ పోదు కద?" అని అడిగింది. "పోదత్తా" అన్నాను. అది విని కళ్లు మూసుకుంది.

ఆమె పోయింది మిర్చి కోతల కాలంలో. కల్లాల్లో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది, ఊరంతా ఘాటు. వచ్చినవాళ్లలో ఏడుస్తున్నదెవరో, తుమ్ముతున్నదెవరో తెలియలేదు. సాగనంపేటప్పుడు బావ భార్య పెట్టె తీసి, ఆ మామిడిపండు రంగు చీర బాగుంది, ఇది కప్పుదాం అంది. నేను వద్దన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. మామకు అర్థమైంది. "దాని మాట దానికుండనియ్యి" అని ఆ చీర తీసి నా చేతిలో పెట్టాడు.

మూడో రోజు వాగు ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, మోదుగాకు విస్తరిలో వడ్డించి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అత్త విస్తరిలో అన్నం, వేటమాంసం, చేపల పులుసు, మజ్జిగ మిరపకాయలు, పక్కన కల్లంలోంచి తెచ్చిన రెండు పండుమిరపకాయలు. ఆమె పండుమిర్చి కొరుక్కోకుండా ముద్ద మింగేది కాదు.

కాకి వచ్చింది. వచ్చి మద్దిచెట్టు కొమ్మ మీద కూర్చుంది. దిగలేదు.

బావ ముందుకు పోయాడు. "అమ్మా, నాయిన్ని నేను మంచిగ చూసుకుంట" అన్నాడు. కాకి మెడ తిప్పి వాగు వైపు చూసింది. మామ పోయాడు. "దుకాణం మూయనే. నీ కుర్చీల ఎవ్వల్ని కూసోనియ్య" అన్నాడు. కాకి రెక్క దువ్వుకుంది. పాస్టరమ్మ వాళ్లలో ఈ పద్ధతి లేదు, అయినా వచ్చి నిలబడింది. ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు, బంగారం సంగతేమో, కోడలి మీద కినుకేమో అని. పాస్టరమ్మ నా మోచెయ్యి పొడిచింది. "అక్క కోరిక ఏందో నీకు తెల్వదా? పోయి చెప్పు" అంది.

నేను లెక్కలు చెప్పే మనిషిని. కాకికి ఆకలెప్పుడు వేయాలో కాకికి తెలుసు అనుకునేదాన్ని. అయినా పోయాను. విస్తరి ముందు నిలబడి, అందరికీ వినపడేట్టుగానే అన్నాను.

"అత్తా, పావురాలోని సంగతి నాకొదిలెయ్. వేసవి సెలవులల్ల పోత. నీ చీర కట్టుకొని పోత. నీ కారం పొట్లం తీస్కపోత. ఆడు చేసినంతనే చేస్త. పైన చిటికెడు."

వెనక ఎవరో నవ్వారు, ఎవరో ఊరుకోమన్నారు. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరైనా నాకన్నా ముందు ఆ ఊరు పోతే ఒక మాట. గుడి ముందు మైదానంలో, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్న మనిషి దండం పెడితే చేతులు కట్టుకుని పక్కనుంచి పోండి. వాణ్ణి ఏమీ అనకండి. వాడు నాకు కావాలి.

నేను మాట ముగించి వెనక్కి నాలుగడుగులు వేశానో లేదో, మామ "అగో" అన్నాడు. తిరిగి చూశాను. కాకి దిగింది. అన్నం మీదికి పోలేదు, మాంసం మీదికి పోలేదు. విస్తరి చుట్టూ ఒకసారి నడిచి, ఒక పండుమిరపకాయను ముక్కున కరుచుకుని లేచింది. వాగు దాటి, కల్లాల మీదుగా, ఆ ఎర్రటి కాయ కనపడుతున్నంతసేపూ మామ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.